మొజంజాహి మార్కెట్: రాతికి మెరుగు వచ్చింది, బేరం మాటేమిటి?

పాత బజార్ల మరమ్మతుపై ఒక పరిశీలన

హైదరాబాద్: ఆబిడ్స్, నాంపల్లి, బేగంబజార్, అఫ్జల్‌గంజ్ వైపు వెళ్ళే దారులు కలిసే కూడలిలో నల్లరాతి గడియారపు బురుజు ఎత్తి నిలిచిన మొజంజాహి మార్కెట్‌ను ఎరుగనివారు నగరంలో అరుదు. 1935లో పూర్తయిన యీ కట్టడం చాలాకాలం రేకుల చూరుల కింద, రంగుబోర్డుల వెనుక, కారే కప్పులతో దిక్కులేకుండా పడి వుంది. 2018లో మొదలైన మరమ్మతులు ముగిసి, 2020 ఆగస్టు 14న దానిని తిరిగి ప్రారంభించారు. రాతిమీది సున్నం, రంగులు గీకి తీశారు. తర్వాత పుట్టుకొచ్చిన కాంక్రీటు కట్టుబడులను తొలగించారు. ఆగిన గడియారం మళ్ళీ నడిచింది. రాత్రివేళ దీపాల వెలుగులో ఆ కమానులు చూసినవారు మెచ్చుకోకుండా వుండలేరు.

కట్టడాన్ని కాపాడటం జరిగింది. అయితే, మార్కెట్ అనేది కట్టడం ఒక్కటే కాదు. అమ్మేవాడు, కొనేవాడు, సరుకు - యీ మూడూ రోజూ కలిస్తేనే అది మార్కెట్. రాయి నిలిచినంత మాత్రాన బేరం నిలుస్తుందా అన్నదే ఇప్పుడు నగరపాలక సంస్థ ముందున్న అసలు ప్రశ్న. యీ ప్రశ్న మొజంజాహికే పరిమితం కాదు. చార్మినార్ పక్కన గాజుల లాడ్ బజారుకూ, సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కూ, మీర్ ఆలం మండీకీ అదే వర్తిస్తుంది.

వరద నేర్పిన పాఠం

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద నగరాన్ని ముంచివేసింది. ఇరుకు వాడలు, గాలి వెలుతురు లేని బస్తీలు ఎంతటి ప్రమాదాన్ని తెస్తాయో ఆనాడు అందరికీ తెలిసివచ్చింది. ఫలితంగా 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. వెడల్పాటి రోడ్లు, కొత్త ఇళ్ళ వరుసలు, వాటితోపాటు బజార్లు కట్టడం ఆ మండలి పని. చార్మినార్‌కు వెళ్ళే దారిలో రెండు వైపులా రాతి కమానులతో కనిపించే పత్తర్‌గట్టి దుకాణాలు కూడా ఆ మండలి కట్టించినవే. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రెండవ కుమారుడు మొజంజా ఆ మండలికి అధ్యక్షుడుగా వుండేవారు. ఆయన పేరే యీ మార్కెట్‌కు వచ్చింది.

కట్టినవారు అలంకారం కోసమే కట్టలేదు. కూడలి మూలకు తగినట్లు త్రికోణపు స్థలం తీసుకున్నారు. మొనపై గడియారం పెట్టారు. రెండు వైపులా రోడ్డుకు తెరుచుకునే మడిగెలు, మధ్యలో విశాలమైన ఆవరణ వదిలారు. దుకాణం ముందు కమాను వుండటంతో కొనేవాడికి ఎండా వానా తగలవు. గాలి ఇటునుంచి అటు ఆడుతుంది. బండి వచ్చి సరుకు దించటానికి ఆవరణలో చోటుంది. అంటే పండు, ఆకు, మాంసం వంటి త్వరగా పాడయ్యే సరుకులు అమ్మటానికి ఏమేమి కావాలో ఆలోచించి కట్టిన అంగడి అది. మరమ్మతు చేసేవారు గుర్తుంచుకోవలసిన మొదటి సంగతి ఇదే.

పండ్లు వెళ్ళిపోయిన తర్వాత

ఒకప్పుడు నగరమంతటికీ పండ్లు యిక్కడి నుంచే వెళ్ళేవి. పల్లెల నుంచి మామిడి, సీతాఫలం, బత్తాయి గంపలు వచ్చి వేలంలో అమ్ముడయ్యేవి. లారీలు పెరిగాయి, నగరం పెరిగింది, కూడలిలో చోటు చాలలేదు. 1980లలో టోకు పండ్ల వ్యాపారాన్ని కొత్తపేట వద్ద గడ్డిఅన్నారానికి తరలించారు. ఆనాటికి అది నగరం అంచు. నలభై ఏళ్ళు తిరగకుండానే అదీ నగరం మధ్యకు వచ్చింది. ఆ స్థలంలో పెద్ద ఆసుపత్రి కట్టాలని ప్రభుత్వం నిర్ణయించటంతో వ్యాపారులను మళ్ళీ కదిలించారు. కోహెడలో 2020లో వేసిన తాత్కాలిక షెడ్లు ఆ ఏడాది మే నెల గాలివానకు కూలిపోయాయి. తర్వాత విజయవాడ రహదారిపై బాటసింగారం చూపించారు. కమీషన్ ఏజెంట్లు హైకోర్టుకు వెళ్ళారు. చివరకు 2022లో గడ్డిఅన్నారం షెడ్లను కూల్చివేశారు.

టోకు మార్కెట్లు ఊరి బయటకు వెళ్ళటంలో తప్పులేదు. వందల లారీలు నడిబొడ్డున తిరగటం ఎవరికీ మంచిది కాదు. కాని ప్రతి తరలింపులోనూ ఒక లెక్క మరుగున పడిపోతున్నది. తోపుడు బండిమీద పది కిలోల పండ్లు అమ్మే మనిషి తెల్లవారుజామున ఎంత దూరం పోయి సరుకు తెచ్చుకోవాలి? ఆటో కిరాయి ఎవరు భరిస్తారు? దూరం పెరిగిన కొద్దీ ఆ భారం కొంత చిన్న వ్యాపారి లాభంలోంచి, మిగిలింది కొనేవాడి జేబులోంచి పోతుంది. టోకు బజారు పోయిన చోట చిల్లర బజారుకు కూడా పునాది కదులుతుంది. మొజంజాహిలో జరిగిందదే. పండ్ల వేలాలు పోయాక తెల్లవారుజామున వచ్చే వేలాది కొనుగోలుదారులు పోయారు. కట్టడం శిథిలం కావటం ఆ తర్వాతి సంగతి. ముందు బేరం పోయింది, ఆ వెనుక కప్పు కారింది.

ఐస్‌క్రీం ఎందుకు నిలిచింది?

ఇన్ని మార్పులలోనూ చెక్కుచెదరకుండా నిలిచినవి ఆవరణ వైపున్న ఐస్‌క్రీం దుకాణాలు. వేసవి రాత్రి పదిగంటలకు వెళ్ళినా కుర్చీ దొరకదు. పెద్ద కంపెనీల ఐస్‌క్రీం ప్రతి వీధిలోనూ దొరుకుతుండగా యీ దుకాణాలు ఎలా నిలిచాయన్నది ఆలోచించదగినది.

కారణం తయారీలో వుంది. పాలను మరిగించి చిక్కబరిచి, పండు గుజ్జు కలిపి లోహపు డబ్బాలో పోస్తారు. ఆ డబ్బాను చెక్కపీపాలో నిలిపి చుట్టూ మంచుగడ్డ ముక్కలు, రాతి ఉప్పు దట్టిస్తారు. ఉప్పు కలిసిన మంచు మామూలు మంచుకన్నా ఎక్కువ చల్లబడుతుంది. ఆ చలికి డబ్బా లోపలి గోడకు పాలు గడ్డకడతాయి. డబ్బాను తిప్పుతూ, గడ్డకట్టిన దానిని గీకుతూ వుంటే మెత్తటి ఐస్‌క్రీం తయారవుతుంది. చెయ్యి తిప్పినా, మోటారు తిప్పినా సూత్రం అదే. ఇందులో రుచికి మూలం పండు. వేసవిలో మామిడి, వానలు వెనుకబట్టాక సీతాఫలం. మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ పేరుమీదనే ఒక సీతాఫల రకం వున్నదంటే తెలంగాణ మెట్టభూములకూ యీ పండుకూ వున్న సంబంధం తెలుస్తుంది. నగరంలో ఒక పూట తినే చల్లని గిన్నె వెనుక మెట్ట రైతు, గింజలు తీసే చేతులు, పాలవాడు, మంచు ఫ్యాక్టరీ అందరూ వున్నారు.

అంటే ఐస్‌క్రీం దుకాణాలు నిలిచింది పాతవైనందున కాదు. సరుకు అక్కడే తయారవుతుంది, మరోచోట అదే రుచిలో దొరకదు, సామాన్యుడు కొనగల ధరలో వుంటుంది. యీ మూడు లక్షణాలూ వున్న వ్యాపారానికి కట్టడం తోడు పడుతుంది. అవి లేని వ్యాపారాన్ని ఎంత అందమైన కమాను అయినా నిలబెట్టలేదు. 2019 అక్టోబరులో యునెస్కో హైదరాబాద్‌ను వంటల విభాగంలో సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. ఆ గౌరవాన్ని నిలుపుకోవటమంటే ఖరీదైన హోటళ్ళ సంఖ్య పెంచటం కాదు, ఇటువంటి చిన్న తయారీదారులు తమ చోటున తాము వుండగలిగేటట్లు చూడటం.

గాజు వెనుక నిప్పు

మొజంజాహి నుంచి సిద్ది అంబర్ బజార్, అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ దాటి, పత్తర్‌గట్టి కమానుల కింద నడిస్తే చార్మినార్. దాని పడమటి దారి లాడ్ బజార్. ఆ దారి చివర మహబూబ్ చౌక్ గడియారపు బురుజు వుంది. పెళ్ళి కుదిరిన ఇంటివారు, మతంతో నిమిత్తం లేకుండా, గాజుల కోసం వచ్చే బజారిది. దుకాణంలో కూర్చోగానే ‘రెండు నాలుగా, రెండు ఆరా’ అని అడుగుతారు. రెండంగుళాల మీద అంగుళంలో పదహారో వంతులు నాలుగా, ఆరా అన్నది దాని భావం. అంగుళాలూ అణాలూ పోయినా గాజుల కొలత మారలేదు.

యీ బజారుకు పేరు తెచ్చినది లక్కగాజు. లక్క అడవి సరుకు. కుసుమ, మోదుగ వంటి చెట్ల కొమ్మలపై చిన్న పురుగులు విడిచే జిగురు అది. దానిని బొగ్గుల కుంపటిపై మెత్తబరిచి, పిసికి, తీగలా సాగదీసి, వలయంగా చుట్టి, అచ్చు కర్రపై కొలతకు తెస్తారు. లక్క వేడి ఆరకముందే చిమటాతో రాళ్ళు, అద్దపు తునకలు, పూసలు ఒక్కొక్కటే అద్దుతారు. చల్లారితే రాయి అంటదు, వేడెక్కువైతే లక్క జారుతుంది. ఆ మధ్యనున్న కొద్ది క్షణాలలోనే పనివారి నేర్పంతా వుంది. యీ పని జరిగేది మెరిసే దుకాణంలో కాదు. పాతబస్తీ గల్లీలలో, ఒకటి రెండు గదుల ఇళ్ళలో, కుంపటి వేడికీ పొగకూ ఎదురుగా కూర్చుని చేస్తారు. రాళ్ళు అద్దేవారిలో ఆడవారు ఎందరో. కూలి జతల లెక్కన వస్తుంది.

2024 మార్చిలో హైదరాబాద్ లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2010లో హలీంకు వచ్చిన తర్వాత నగరానికి చెందిన మరో సరుకుకు యీ గుర్తింపు రావటం సంతోషించదగినదే. అయితే, గుర్తింపు వచ్చింది కనుక పనివారి కూలి పెరిగినట్లేనని భావించటం పొరపాటు. 1999 నాటి చట్టం ప్రకారం ఒక సరుకుకు గుర్తింపు నమోదు కావటం మొదటి మెట్టు. ఆ పేరును వాడుకునే హక్కు కోసం ఉత్పత్తిదారులు అధీకృత వినియోగదారులుగా విడివిడిగా నమోదు చేసుకోవాలి. ఆ నమోదుకు పదేళ్ళకొకసారి పునరుద్ధరణ అవసరం. దరఖాస్తు, రుజువులు, కార్యాలయాల చుట్టూ తిరగటం - యివన్నీ దుకాణదారుకు సాధ్యమైనంతగా గల్లీలో రాళ్ళు అద్దే మనిషికి సాధ్యం కావు. ఆమె పేరు ఆ పుస్తకంలోకి ఎక్కకపోతే గుర్తింపు గాజుకే దక్కుతుంది, గాజు చేసిన చేతికి దక్కదు.

మరోవైపు, అచ్చుపోసిన చౌక గాజులు అదే బజారులో అవే గాజుపెట్టెలలో పక్కపక్కనే వుంటాయి. చూపులకు తేడా తెలియదు. లక్కదా కాదా అన్నది కొనేవారికి తెలిసేటట్లు ముద్ర వేయటం, దానిని తనిఖీ చేయటం జరిగితేనే చట్టం వల్ల ప్రయోజనం.

రెండు దృశ్యాలు, ఐదు రోజులు

2025 మే 13న ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన వివిధ దేశాల యువతులను చార్మినార్, లాడ్ బజార్‌లకు తీసుకువచ్చారు. దారులు శుభ్రమయ్యాయి, దీపాలు వెలిగాయి. వారు గాజులు తొడిగించుకుంటున్న చిత్రాలు ప్రపంచమంతటా కనిపించాయి. సరిగ్గా ఐదు రోజులకు, మే 18 తెల్లవారి, అక్కడికి కూతవేటు దూరంలో గుల్జార్ హౌజ్ వద్ద ఒక భవనంలో మంటలు చెలరేగి 17 మంది చనిపోయారు. వారిలో పసిపిల్లలూ వున్నారు. కింద దుకాణాలు, పైన కాపురం. లోపలికి పోయే దారి ఇరుకైనది కావటం రక్షణ పనులకు అడ్డంకి అయింది.

పాత బజార్లను చూసే మన దృష్టి ఎంత ఏకపక్షంగా వుందో యీ రెండు సంఘటనలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ముఖభాగానికి దీపాలు పెట్టటానికి చూపిన శ్రద్ధ, వెనుక గదుల విద్యుత్ తీగలపై, మెట్లదారిపై, నీటి కొళాయిలపై చూపటం లేదు. కింద దుకాణం, పైన ఇల్లు వుండటం యీ నగరపు పాత పద్ధతి. దానిని తప్పుపట్టి అందరినీ ఖాళీ చేయించటం పరిష్కారం కాదు. అలా చేస్తే బజారే పోతుంది. కాని ప్రతి కట్టడానికీ రెండో దారి, తీగల తనిఖీ, గల్లీలలోకి పోగల చిన్న అగ్నిమాపక బండ్లు తప్పనిసరి. బొగ్గుల కుంపటితో పనిచేసే గాజుల ఇళ్ళకు యీ అవసరం మరింత ఎక్కువ. వారసత్వ పరిరక్షణ నిధులలో మొదటి వాటా దీనికే చెందాలి.

బండ్లవారూ బజారులో భాగమే

పాత బజార్ల అందాన్ని పెంచాలనుకున్నప్పుడల్లా ముందు వేటు పడేది తోపుడు బండ్లపైన. చార్మినార్ చుట్టూ వాహనాలను నిలిపి నడకదారి చేసినప్పటి నుంచి బండ్లవారిని తరిమివేయటం, వారు తిరిగి రావటం ఒక తంతుగా సాగుతున్నది. నడిచేవారికి దారి వుండాలన్న వాదనలో న్యాయం వుంది. బతుకుతెరువు కావాలన్న వాదనలోనూ న్యాయం వుంది. రెండింటినీ కలపటానికే 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. దాని ప్రకారం పట్టణ వ్యాపార కమిటీలో కనీసం నూటికి నలభై మంది వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులు వుండాలి. అందులో మూడోవంతు మహిళలు కావాలి. ఐదేళ్ళకొకసారి లెక్కలు తీయాలి. లెక్కలు ముగిసి పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించరాదు. చట్టం స్పష్టంగానే వుంది. లాఠీతో తేలని వివాదం కమిటీ గదిలో తేలుతుంది. కావలసింది ఆ కమిటీలు క్రమంగా కూర్చోవటం.

చూడవచ్చేవారికి దారి

మొజంజాహికి వచ్చేవారు సొంత వాహనం తేకపోవటమే మేలు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట - ఎల్.బి.నగర్ మెట్రో మార్గం మొదలయినప్పటి నుంచి గాంధీభవన్, ఉస్మానియా వైద్య కళాశాల స్టేషన్లు రెండూ నడక దూరంలోకి వచ్చాయి. సాయంత్రం వచ్చి, అత్తరు దుకాణాలు చూసి, ఎండుపండ్లు కొని, ఆవరణలో ఐస్‌క్రీం తినవచ్చు. కాళ్ళలో సత్తువ వుంటే అక్కడినుంచి చార్మినార్ దాకా నడిచి పోవచ్చు. వరద తర్వాత నగరం తనను తాను ఎలా తిరిగి కట్టుకున్నదో ఆ దారి పొడవునా రాళ్ళే చెబుతాయి. అనంత చతుర్దశినాడు మాత్రం యీ కూడలి వినాయక ఊరేగింపులతో నిండిపోతుంది. ఆనాడు చూడవలసింది బజారును కాదు, జనాన్ని.

లాడ్ బజారులో బేరమాడటం ఆచారం. కాని లక్కగాజు ధర అడిగేటప్పుడు అది చేతిపని అన్న సంగతి గుర్తుంచుకోవాలి. దుకాణదారు తగ్గించిన ప్రతి రూపాయీ ఎవరి కూలిలోంచి తగ్గుతుందో ఆలోచిస్తే బేరానికి ఒక హద్దు ఏర్పడుతుంది.

నిర్ణయించుకోవలసింది

మొజంజాహి మడిగెలకు యజమాని నగరపాలక సంస్థ. వ్యాపారులు కిరాయిదారులు. మరమ్మతుల తర్వాత చోటు విలువ పెరుగుతుంది, దానితో కిరాయి పెంచాలన్న ఆలోచన రావటం సహజం. యిక్కడే జాగ్రత్త అవసరం. కిరాయి ఒక్కసారిగా పెరిగితే ఆకులు, అత్తర్లు, పండ్లు అమ్మేవారు వెళ్ళిపోతారు. వారి చోటికి ఎక్కడైనా దొరికే ఫలహారశాలలు వస్తాయి. అప్పుడు మిగిలేది మార్కెట్ వేషం వేసుకున్న కట్టడమే. అలాగని కిరాయి ఎన్నటికీ పెంచకపోతే మరమ్మతులకు డబ్బు వుండదు, కప్పు మళ్ళీ కారుతుంది. ఆ దారిలోనే ఇదివరకు కట్టడం పాడయింది.

మైసూరు దేవరాజ మార్కెట్‌లో 2016 ఆగస్టులో ఒక భాగం కూలిన తర్వాత, కూల్చి కట్టాలా, బాగుచేయాలా అన్న తగువు కోర్టుకెక్కింది. ఏళ్ళ తరబడి వ్యాపారులు అనిశ్చితిలో బతికారు. ఏటా చేయవలసిన చిన్న మరమ్మతు చేయకపోతే చివరకు ఎంత పెద్ద తగువు వస్తుందో దానివల్ల తెలుస్తుంది. హైదరాబాద్ ఆ దశను తప్పించుకున్నది. దానిని నిలుపుకోవాలంటే మధ్యేమార్గం ఒక్కటే. పాత వ్యాపారాలకు తక్కువ కిరాయి, కొత్త వ్యాపారాలకు బజారు ధర, వచ్చిన మొత్తంలో నిర్ణీత భాగం ఆ కట్టడం పైనే ఖర్చు. యీ లెక్కలు ఏటా మార్కెట్ గోడమీదే అతికిస్తే వ్యాపారులకూ నమ్మకం కలుగుతుంది.

ఆవరణలో సాంస్కృతిక కార్యక్రమాలు జరపటం మంచిదే. దానితోపాటు వారానికొక రోజు గాజులవారికి, కుట్టుపనివారికి, సీతాఫలం కాలంలో రైతులకు నేరుగా అమ్ముకునే చోటు ఇస్తే కట్టినవారి ఉద్దేశం మళ్ళీ నెరవేరుతుంది. మడిగెలున్నాయి, మెట్రో వుంది, కొనేవారున్నారు. 2017లో తెలంగాణ శాసనసభ చేసిన వారసత్వ చట్టమూ వుంది. లోపించినది బజారును బజారుగా చూసే దృష్టి. గోడలకు చేసిన మరమ్మతు పూర్తయింది. వ్యాపారానికి చేయవలసిన మరమ్మతు ఇంకా మొదలు కావలసి వుంది.